జీపు కింద పడుకుని చూస్తే

శ్రీశైలం నుంచి నల్లమల లోపలికి, ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికి వెళ్లాలంటే జీపే దిక్కు. అహోబిలంలో పావన నరసింహస్వామిని చూడాలన్నా, బొర్రా గుహల దాపున కటికి జలపాతానికి పోవాలన్నా అంతే. ఒక చక్రం బండమీద, ఒక చక్రం గుంతలో పెట్టి, కిక్కిరిసిన జనంతో ఎగుడుదిగుళ్లు దాటుకుంటూ పోయే ఆ బళ్లను చూస్తే పట్నం మనిషికి రెండు కోరికలు పుడతాయి. అలాంటి పాత జీపు ఒకటి కొనుక్కోవాలని మొదటిది. కొన్న మర్నాడే దాన్ని మార్చిపారేయాలని రెండోది. పెద్ద టైర్లు, టర్బో, ముందు విన్చ్, నెత్తిమీద లైట్ల వరస.

మొదటి కోరిక డబ్బుతో తీరుతుంది. రెండోదానికి డబ్బు ఒక్కటే చాలదు.

ఈ కాలమ్ రాసే మనిషికీ ఆ పిచ్చి ఉంది. ఆయన దగ్గరున్నది మహీంద్రా ఎంఎం 540. ఆదివారం పూట ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ముందుగా కనిపించేవి బండి కిందనుంచి బయటికి చాపిన రెండు కాళ్లు. అక్కడ పడుకుని చూడగా చూడగా ఆయనకి బోధపడిన సంగతి ఇది: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఎక్కువ సత్తువ కావాలని పెట్టే ఖర్చు చాలామటుకు అది పోగొట్టుకున్న సత్తువను తిరిగి తెచ్చుకోడానికే సరిపోతుంది. ఆ తర్వాత ఏ ఒక్కటి మార్చినా, మరో మూడు మార్చమని బండే అడుగుతుంది.

నిజానికి ఈ జీపును మొట్టమొదట మోడిఫై చేసింది కంపెనీయే. విల్లిస్ జీపులను 1947లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా, తర్వాత దశాబ్దాల పాటు తయారుచేసింది 1953 నాటి సీజే-3బీ మోడల్‌ని. దాని పెట్రోల్ ఇంజన్ పొడుగు ఎక్కువ కాబట్టే బానెట్ అంత ఎత్తుగా లేచి ఉంటుంది. అమెరికా డిజైన్ చేసిన ఆ ఛాసిస్ మీద 1980లకల్లా ఫ్రెంచి కంపెనీ ప్యూజో డీజిల్ ఇంజన్ వచ్చి కూర్చుంది. ఎంఎం 540లో ఉండేది ఆ ఎక్స్‌డీపీ ఇంజనే: 2,112 సీసీ, 62 హార్స్‌పవర్. తర్వాతి ఎంఎం 550లో అదే కుటుంబానికి చెందిన ఎక్స్‌డీ3పీ, 2,498 సీసీ. ఈ సంకరం వల్ల యజమానికి వచ్చిన తిప్పలేమిటంటే రెండు సెట్ల పానాలు. ఛాసిస్ బోల్టులకి అంగుళాల పానాలు పట్టాలి, ఇంజన్‌కి మిల్లీమీటర్లవి. తొందరపడి ఒకదాని బదులు ఇంకోటి వేస్తే నట్టు తల గుండ్రమైపోతుంది.

ఆ 62 హార్స్‌పవర్ కొత్త ఇంజన్ లెక్క. ముప్పై ఏళ్లు తిరిగిన ఇంజన్‌లో అంత ఉండదు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. రింగులు, వాల్వులు అరిగి ఆ ఒత్తిడి కారిపోతే వేడి చాలదు. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే బండి దగ్గుతుంది, తెల్లపొగ కక్కుతుంది. హీటర్ ప్లగ్గులు మార్చాలని చాలామంది పరుగెడతారు. ఒక్కోసారి తప్పు వాటిదే. కానీ ముందుగా కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ చూడాలి. పొగ రంగు కూడా సంగతి చెబుతుంది. నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పోతోంది, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మడంలేదు. నీలంపొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది.

టర్బో మాట ఎత్తకముందు చేయించాల్సిన పనులు ఏ పంపు షెడ్డులో అడిగినా చెబుతారు. ఇంజన్‌కి డీజిల్ అందించే మైకో పంపు దించి కాలిబ్రేషన్ చేయించడం, నాజిళ్లు టెస్టు బెంచి మీద పెట్టడం, టాపెట్లు సరిచేయడం, పంపు టైమింగ్ చూడడం. నూనెగిన్నె ఉండే పాతరకం ఎయిర్ క్లీనర్‌లో ఆ నూనె ఎన్నాళ్ల కిందటిదో చూసుకోవడం కూడా. ఇవన్నీ అయ్యాక చాలామంది యజమానులు టర్బో సంగతే మరిచిపోతారు. తమ బండి ఘాట్‌లో మూడో గేరు మీద ఎక్కగలదని వాళ్లకి అప్పుడే తెలుస్తుంది.

మన ఎండలకి పుట్టిన ఒక అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. ఇంజన్ వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పడేయడం. దాంతో గేజి ముల్లు దిగుతుంది, యజమాని మనసు కుదుటపడుతుంది. అయితే ఇంజన్ తాను పనిచేయాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా మండదు, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. అసలు జబ్బు సాధారణంగా మట్టి పట్టిన రేడియేటర్ కోర్‌లోనో, జారిపోతున్న ఫ్యాన్ బెల్టులోనో, అరిగిన వాటర్ పంపులోనో ఉంటుంది.

ఇక గేర్ల లెక్క. జీపు ప్రాణమంతా అందులోనే ఉంది. విల్లిస్ సీజే-3బీలో మొదటి గేరు నిష్పత్తి 2.80, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజి 2.46, యాక్సిల్‌లో క్రౌన్-పీనియన్ 5.38. మూడింటినీ గుణిస్తే 37. అంటే ఇంజన్ 37 చుట్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్క చుట్టు. చిన్న ఇంజన్ అంత బరువుని బండల మీదికి లాగగలుగుతోందంటే కారణం ఇదే. కానీ అదే 5.38 హైవే ఎక్కితే గుదిబండ. అసలు సైజు 6.00-16 టైర్లతో, డైరెక్ట్ టాప్ గేరులో, గంటకి 80 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ దాదాపు 3,200 ఆర్‌పీఎం మీద అరుస్తుంది. అందుకే క్రౌన్-పీనియన్ 4.27కి మార్పించుకునేవాళ్లున్నారు. అప్పుడు అదే వేగంలో ఇంజన్ 2,550 దగ్గర తిరుగుతుంది. చెవులకి హాయే గానీ, ఆ 37 కాస్తా 29కి పడిపోతుంది. బండల మీద నిదానంగా పాకే గుణం ఆ మేరకి తగ్గుతుంది.

ఇంకో మెలిక. వెనక యాక్సిల్ ఒక్కదానికే నిష్పత్తి మార్చి, ముందుది తర్వాత చూసుకుందామని వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన క్షణంలో ముందు చక్రాలదొక వేగం, వెనక చక్రాలదొక వేగం అవుతుంది. అవి రెండూ ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల కొట్లాడుకుంటాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేని ఈ పాత పద్ధతిలో ఏ మార్పూ చేయని బండినైనా పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, జారే వీలు లేక ఆ బిగుసుకుపోవడమంతా షాఫ్టుల మీద పడుతుంది. ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాకుండా మొరాయించేది అందుకే.

టైరు మారిస్తే గేరు మార్చినట్టే. అసలు టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. దాని చోట 31 అంగుళాలది వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 11 శాతం పెరుగుతుంది. 5.38 కాస్తా 4.86 అయినట్టు నడుస్తుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి 66 మీద ఉంటుంది. చక్రం వ్యాసార్థం పెరిగింది కాబట్టి, పాత డ్రమ్ము బ్రేకు అదే పని చేయాలంటే పాదం అంత ఎక్కువ నొక్కాలి. వెడల్పు టైరు మలుపులో కమాన్లకి తగులుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, టైరాడ్ ఎండ్లు తొందరగా అరుగుతాయి. ఫొటోలో బాగుండాలని వేసిన టైరు వల్ల బ్రేకులు, స్టీరింగ్, గేర్లు మూడూ చర్చకొస్తాయి.

షెడ్డులో ఒకసారి ఒక కుర్రాడు టర్బో పెట్టించాలని వచ్చాడు. మేస్త్రీ అవునూ కాదూ అనకుండా పక్కన కూర్చుని, “తమ్ముడూ, 60లో పోనిచ్చి బ్రేకు వెయ్యి,” అన్నాడు. బండి ఎడమకి లాగింది. తిరిగొచ్చాక చీటీ మీద మొదట రాసింది వీల్ సిలిండర్లు, బ్రేకు లైనర్లు, హోస్ పైపులు. రెండోది వాక్యూమ్ బూస్టర్, డ్యూయల్ మాస్టర్ సిలిండర్. టర్బో ఆ చీటీలోకే రాలేదు.

టర్బో పెట్టకూడదని కాదు. ఇదే ఎక్స్‌డీ కుటుంబానికి చెందిన 2,304 సీసీ ఇంజన్‌కి ప్యూజో కంపెనీ తానే టర్బో తగిలించి, 1979లో 604 కారులో పెట్టి 80 హార్స్‌పవర్ తీసింది. అయితే టర్బోతో గాలి పెరుగుతుంది, దానికి తగ్గట్టు డీజిల్ పెంచాలి, వేడి పెరుగుతుంది. ఆ వేడిని పిస్టన్లూ, హెడ్ గాస్కెట్టూ, రేడియేటరూ తట్టుకోవాలి. అప్పటికే 22 దాకా కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజన్‌లో బూస్ట్ పెంచుకుంటూ పోతే ముందు లొంగేది గాస్కెట్టే. ఎగ్జాస్టు వేడి కొలిచే మీటరు లేకుండా పంపు స్క్రూ తిప్పడమంటే కళ్లు మూసుకుని ఘాట్ దిగడమే.

అసలు తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పు ఎవరి కంటికీ కనిపించదు. అది యాక్సిల్ బ్రీదర్ గొట్టం. చాలాదూరం పరుగెత్తి వేడెక్కిన యాక్సిల్ హౌసింగ్ వాగు నీళ్లలో దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి, ఇంజన్ గదిలో పైదాకా తీసుకుపోయి కడితే ఆ గండం తప్పుతుంది. దీనికయ్యేది కొన్ని వందల రూపాయలే. అది లేనివాళ్లు వాగు దాటి వచ్చాక ఆయిల్ ప్లగ్గు విప్పి చూడాలి. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే అదే రోజు మార్చాలి. లేకపోతే బేరింగులు తుప్పెక్కుతాయి.

ఆయిల్ అంటే డబ్బా మీద 90 అని ఉంటే చాలనుకుంటారు. డిఫరెన్షియల్ పళ్లకి జీఎల్-5 గ్రేడు మంచిది. కానీ అందులోని గంధకం కలిసిన రసాయనాలు గేరుబాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకి పడకపోవచ్చు. అక్కడ జీఎల్-4 పోయడమే క్షేమం. గ్రీజు గన్ పట్టుకుని షాకిల్ పిన్నులు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, స్ప్లైన్లు వరసగా తిరిగి రావడం ఎవరైనా ఇంట్లో చేసుకోగల పని. కమాను పట్టీల మధ్య తుప్పు పేరుకుంటే అవి ఒకదానిమీదొకటి జారవు. అప్పుడు బండి నడుము విరగ్గొడుతుంది, జనం షాక్ అబ్సార్బర్లను తిడతారు. పట్టీలు విప్పి, శుభ్రం చేసి, బుష్‌లు మార్చి బిగిస్తే అదే బండిలో ప్రయాణం వేరుగా ఉంటుంది.

చట్టం సంగతి షెడ్డులో ఎవరూ ముందుగా ఎత్తరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్లకి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు ఉండాలి. ముందు బిగించే బుల్ బార్లపై చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. సొంత బండికి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. కార్లకి 600 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000కి పెరిగింది. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల తయారయ్యే తళతళలాడే జీపులు చూసి మోజుపడేవాళ్లు పెయింటు కన్నా ముందు ఛాసిస్ నంబరు చూసుకోవాలి. అది ఆర్సీతో సరిపోలకపోతే ఎంత మంచి ఇంజనున్నా ఆ బండి ఇంటిముందు బొమ్మే.

విడిభాగాల బెంగ మాత్రం మన దగ్గర ఇంకా అంతగా లేదు. 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్‌లో ఒక వీధి తిరిగితే లేత్ పనివాడు, మరో వీధిలో కమాన్లవాడు, ఆ పక్కన రేడియేటర్లవాడు దొరుకుతారు. తగ్గిపోతున్నది చేతి కొలత తెలిసిన మనుషులు. ముందు చక్రాలు 50 దాటగానే గిలగిల కొట్టుకుంటున్నాయంటే చాలాసార్లు కింగ్ పిన్ బేరింగులు వదులైనట్టు. సన్నటి షిమ్ములు ఒక్కోటి తీస్తూ, స్ప్రింగ్ త్రాసుతో స్టీరింగ్ నకిల్‌ని లాగి బిగుతు కొలవాలి. స్కానర్ తగిలించే సాకెట్టు ఈ బండికి లేదు.

అందుకే ఈ కాలమ్ రాసే మనిషి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు. ఏ నకిల్‌లో ఎన్ని షిమ్ములు, నాజిళ్లు ఎప్పుడు మార్చింది, ఎక్కడ అంగుళాల నట్టు, ఎక్కడ మిల్లీమీటర్ల నట్టు, అన్నీ అందులో ఉన్నాయి. మొన్న మేస్త్రీ కొడుకు ఆ పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. అదే మోడల్ బళ్లు ఇంకో రెండు షెడ్డుకొచ్చాయట. నట్టు సైజుల పేజీ మాత్రం గ్రీజు మరకల్లో కనపడలేదని సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు: “సార్, ఆ ఒక్కటీ తెల్ల కాగితం మీద రాసి పెట్టండి, రేపొచ్చి పట్టుకెళ్తా.”