విజయానంతర పర్వములు

మహాభారతమున 18 పర్వములు గలవు. కురుక్షేత్ర సంగ్రామమును, అశ్వత్థామ నడురేయి పాండవశిబిరముపై బడి నిద్రితులను మట్టుపెట్టిన సౌప్తికమును గడచుసరికి పదియే ముగియును. తక్కిన యెనిమిదియు గెలిచినవారి బ్రతుకే. మన రంగస్థలమును, చలనచిత్రమును దుర్యోధనుని తొడ విరిగినతోడనే తెర దించుట పరిపాటి. వ్యాసునికి మాత్రము కథలోని చిక్కంతయు నక్కడనే యారంభమైనట్లు తోచును. తెలుగువారి భాగ్యవశమున విరాటపర్వము మొదలు 15 పర్వములను తెనిగించిన తిక్కన, తాను స్వయముగా నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియై రాజ్యభారపు లోతుపాతు లెఱిగినవాడు గనుక, ఈ చివరి పర్వములను వదలివేయలేదు.

స్త్రీపర్వమున కవి ముఖ్యముగా గొంతు నిచ్చినది విజేతకు గాదు, నూర్గురు కొడుకులను గోల్పోయిన గాంధారికి. ఆమె దివ్యదృష్టితో రణభూమిని గాంచి కృష్ణునకు జూపుచు, తన బిడ్డలకడనే నిలిచిపోక, శత్రుపక్షమువాడైన అభిమన్యుని కళేబరముపై వ్రాలిన ఉత్తర శోకమును సైతము వర్ణించి, పిదప యాదవకులము 36వ యేట నశించునని శపించును. అటుపై గంగాతీరమున తర్పణవేళ కుంతి నోరు విప్పి కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని చెప్పును. ఈ సంగతి పాఠకునకు ఆదిపర్వమునుండియే తెలియును. ధర్మరాజునకు మాత్రము నీళ్లు వదలవలసిన గడియలో దెలిసినది. ఎంతో ధర్మమీమాంస చేసి గెలిచిన యుద్ధము ఒక్క మాటతో అన్నను జంపిన పాతకమైపోయినది. శాంత్యనుశాసన పర్వములలో భీష్ముడు చేసిన బోధ యంతయు విన్న పిమ్మటను, అశ్వమేధపర్వము తొలిఘట్టముననే ఆ రాజు మరల గంగయొడ్డున కూలబడి యేడ్చుట గమనింపదగినది.

నా మట్టుకు ఆశ్రమవాసపర్వమునకు మించిన ఘట్టము లేదు. ధృతరాష్ట్రుడు 15 ఏండ్లు పాండవుల పంచనే యుండును. ధర్మరాజు ఆయనకు ఏ లోటును రానీయక, తమ్ములను గూడ హెచ్చరించి యుంచును. అయినను భీముడు, అన్న యెఱుగకుండ, ఆ గ్రుడ్డిరాజు చెవిన బడునట్లు మిత్రుల నడుమ జబ్బలు చరచి, ఈ చేతులే కదా వాని కొడుకులను గూల్చినవని పలుకును. యుద్ధము ముగిసి యేండ్లు గడచినను, భోజనము పెట్టిన యింటనే ఈ చప్పుడు! వనమున కేగబోవుచు ముసలిరాజు భీష్మాదులకును తన కొడుకులకును శ్రాద్ధము పెట్టుటకు ధన మర్థింపగా, భీముడే యడ్డు చెప్పెను; ధర్మరాజార్జునులు తమ భాగములనుండి యిప్పింపవలసి వచ్చినది. భీముని ఖలునిగా జూపుట కవి యుద్దేశము గాదు. సభలో ద్రౌపది పడిన యవమానమును మఱవలేనివాడు వాడు. మఱచుట ధర్మమా, మఱవకుండుట ధర్మమా యన్న విచారణకు ఇచ్చట తీర్పు చెప్పలేదు.

వనమునకు బోవు వృద్ధదంపతుల వెంట, కనులకు గంతలు గట్టుకొన్న గాంధారికి చేయూత యిచ్చుచు, కుంతియు బయలుదేరెను. కొడుకులు విలవిలలాడిరి, యుద్ధమునకు పురికొల్పినది నీవే కదా, గెలిచిన పిదప మమ్ము విడిచి పోవుట యేమని భీముడు నిలదీసెను. మీరు పరుల పాలబడి దైన్యమున నుండరాదని పురికొల్పితినే గాని, భర్త యేలుబడిలో తనివిదీర ననుభవించినదాన నగుటచే కొడుకులు గెలిచిన రాజ్యఫలమును గోరలేదని యామె బదులు చెప్పి, వెనుదిరుగక గాంధారితో నడచిపోయెను.