రక్తపరీక్షయు సాధ్యాసాధ్య విచారమును

వ్యాధి నయమగునా, కాదా యను ప్రశ్న వైద్యముతోపాటే పుట్టినది. చరకసంహిత వ్యాధులను సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము, యాప్యము, అసాధ్యము అని నాలుగు విధములుగా విభజించి, ఈ భేదమెఱిగియే చికిత్సకు పూనుకొనవలెనని వైద్యుని హెచ్చరించినది. నేడా విచారమునకు నెత్తుటిచుక్క సాధనమైనది.

మాధవరము వంటి పేటలలోని చిన్న పరీక్షాలయమునందును చేయదగిన సామాన్య రక్తపరీక్షలే ఊపిరితిత్తుల కాన్సరు రోగి భవిష్యత్తును తెలుపగలవని పరిశోధకులు కొందఱు వాదించుచున్నారు. ఈ వాదము నిరాధారము కాదు. కణితి శరీరమున శోథను రగిల్చినపుడు రక్తమునందు న్యూట్రోఫిల్ కణములు పెరుగును, లింఫోసైటులు తగ్గును, సి.ఆర్.పి. హెచ్చును, ఆల్బుమిన్ క్షీణించును. 2003లో గ్లాస్గో పరిశోధకులు శస్త్రచికిత్సకు వీలుపడని రోగులలో కడపటి రెంటినే కొలతగా గ్రహించిరి. లీటరునకు సి.ఆర్.పి. 10 మిల్లీగ్రాములు మించుట ఒక దుర్లక్షణము. ఆల్బుమిన్ 35 గ్రాములకు తగ్గుట మరియొకటి. రెండును గలవారు మొత్తముమీద తక్కువకాలము జీవించినట్లు కనబడినది.

2018లో ఐరోపా పరిశోధకులు మరియొక సూచికను ప్రకటించిరి. న్యూట్రోఫిల్ సంఖ్యను తక్కిన తెల్లకణముల సంఖ్యచే భాగింపగా వచ్చు లబ్ధము 3ను మించుట, ఎల్.డి.హెచ్. అను ఎంజైము హద్దు దాటుట, ఈ రెంటిని జోడించి రోగులను మూడు తరగతులు చేసిరి. ఇది ఇమ్యునోథెరపీకే ప్రత్యేకమని తొలుత తోచినది. కాని 2019లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థవారి విశ్లేషణము, చికిత్సాభేదముతో నిమిత్తము లేకయే ఇది రోగిస్థితిని తెలుపవచ్చునని తేల్చినది. అనగా ఎవరి స్థితి విషమమో చెప్పుట వేఱు. ఎవరికి ఏ మందు పనిచేయునో చెప్పుట వేఱు. ఈ రెంటిని కలగాపులగము చేయుట మొదటి దోషము.

ఈ లక్షణములు కాన్సరునకే సొంతములు కాకుండుట రెండవది. న్యుమోనియాయు, క్షయయు సి.ఆర్.పి.ని పెంచును, స్టెరాయిడ్ మాత్రలు న్యూట్రోఫిల్ సంఖ్యను పెంచును. 1956లో మద్రాసున క్షయచికిత్సా పరిశోధన కేంద్రము వెలసినను, ఆ వ్యాధి మనదేశమును నేటికిని వీడలేదు. కావున పరదేశపు హద్దులను ఇచ్చటి రోగులపై పరీక్షింపకయే విధించుట యుక్తము కాదు.

మూడవది భాషాదోషము. సగటు నూరుమందిది, ప్రాణము ఒక్కరిది. నగరపుటుత్తరమున నున్న మాధవరమునుండి, దక్షిణమున 1954లో వెలసిన అడయారు కాన్సరు ఆసుపత్రికి పోవు తెలుగురోగి చెవిని ‘జోస్యము’ అను మాట పడినచో, అతడు చికిత్సయే మానుకొనవచ్చును. ‘సూచన’ అనినచో, దాని కారణమేమని వైద్యుని అడుగును. అనువాదకుడు ఎన్నుకొను పదముమీద ఇంత ఆధారపడియున్నది.

పూర్తిగా మానని వ్యాధిని సైతము పథ్యౌషధములతో నిలువరింపవచ్చునని ‘యాప్యము’ అను శబ్దము తెలుపుచున్నది. ఆల్బుమిన్ తగ్గినవాని పోషణను విచారించుటకును, సి.ఆర్.పి. పెరిగినవానియందు దాగిన జ్వరమును వెదకుటకును ఉపకరించినచో ఆ అంకె సార్థకము. ఆశను త్రెంచుటకే ఉపకరించినచో అది శాస్త్రము పేరిట చెప్పిన సోదె మాత్రమే.