హైడ్రోకార్బనుల పాఠము: సమీకరణము చెప్పని సంగతి

మన పాఠ్యగ్రంథములలో హైడ్రోకార్బనుల చర్యలు ఒక జాబితావలె కనిపించును. మీథేన్ క్లోరినుతో కలిసి మిథైల్ క్లోరైడు నిచ్చును. గాలిలో మండి కార్బన్ డయాక్సైడును, నీటిని ఇచ్చును. సమీకరణమును తుల్యము చేసినచో మార్కులు వచ్చును. ఇంతటితో పాఠము ముగించుట సమంజసమా?

బెల్లంపల్లి వంటి బొగ్గు గనుల ఊరిలో ఈ ప్రశ్న మరింత ముఖ్యము. బొగ్గు పొరలలో చిక్కుకొనియుండు మండెడి వాయువు ప్రధానముగా మీథేనే. బావిలో దిగువారి పిల్లలు దానిని నల్లబల్లపై సంకేతముగా మాత్రమే ఎరుగుట తగదు.

ముందుగా సమీకరణము చెప్పగలిగినదానిని చూతము. ఒక పాలు మీథేనుకు రెండు పాళ్ల ఆక్సిజన్ కావలెను. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే గనుక తొమ్మిదిన్నర పాళ్ల గాలి కావలెను. అనగా మొత్తము పదిన్నర పాళ్లలో ఒక పాలు, ఇంచుమించు 9.5 శాతము మీథేన్. ప్రేలుడు మిక్కిలి తీవ్రముగా నుండునది దాదాపు ఈ పాళ్లలోనే. ఇంత సులభమైన లెక్కను ఎన్ని తరగతులలో చేయించుచున్నాము?

కాని మీథేన్ 5 శాతమునకు తగ్గినను, 15 శాతమును మించినను గాలిలో మంట వ్యాపించదు. ఈ హద్దులు సమీకరణములో లేవు. మండుట ఒక్క అడుగున జరుగునది కాదు. వేడిమికి పుట్టిన స్వేచ్ఛా ప్రాతిపదికలు చర్యను గొలుసుగా సాగించును. ఒక పొరలో పుట్టిన వేడిమి పక్క పొరను రగిలింప చాలనిచో గొలుసు తెగును. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన దీపములో తీగవల వేడిమిని లాగికొని మంటను లోపలనే నిలుపుటలోని మర్మము ఇదియే.

క్లోరినుతో చర్యయు గొలుసే. బాణముపై “సూర్యకాంతి” అని వ్రాసి ఊరకుందుము. క్లోరిన్ అణువును చీల్చుటకు మోలుకు సుమారు 243 కిలోజౌళ్లు చాలును. మీథేనులోని బంధమునకు సుమారు 439 కావలెను. ఊదాకాంతి మొదటిదానిని చీల్చగలదు, రెండవదానిని చీల్చలేదు. అట్లు విడివడిన క్లోరిన్ పరమాణువు మీథేను నుండి హైడ్రోజనును లాగికొనును. మిగిలిన మిథైల్ ప్రాతిపదిక మరియొక క్లోరిన్ అణువునుండి ఒక పరమాణువును గైకొని, రెండవదానిని విడుచును. ఆ పరమాణువుతో కథ మరల మొదలగును.

ఇది ఊహ కాదనుటకు సాక్ష్యమేమి? ఉత్పన్నములలో కొద్దిగా ఈథేన్ దొరకును. రెండు మిథైల్ ప్రాతిపదికలు కలిసినందుననే అది ఏర్పడినది. ఆక్సిజన్ చేరినచో చర్య మందగించును. అది ప్రాతిపదికలను పట్టివేయును. రసాయన చర్యల విధానములపై, ముఖ్యముగా గొలుసు చర్యలపై, చేసిన కృషికి సెమ్యోనోవ్, హిన్షెల్‌వుడ్ 1956లో నోబెల్ బహుమానము పొందిరి.

చర్యావిధానమును చెప్పు పుస్తకములును లేకపోలేదు. కాని ఆరంభము, వ్యాప్తి, అంతము అను మూడు మాటలను సాక్ష్యము లేకుండ వల్లె వేయించినచో పాత జాబితాకు కొత్త జాబితా తోడైనట్లే.

ఉపాధ్యాయులు ప్రశ్నను మార్చి చూడవలెను. గనిగాలిలో మీథేన్ 1.25 శాతమును మించినచో అచ్చట విద్యుత్తును ఆపివేయవలెనని నిబంధన. 5 శాతము కానిదే మండదు గదా, ఇంత ముందుగా ఎందుకు? తేలికయైన ఆ వాయువు పైకప్పు క్రింద, మూలలలో గుమికూడును. సగటున తక్కువగా ఉన్నచోటనే ఒక మూల హద్దు దాటియుండవచ్చును. అచ్చట ఒక్క రవ్వ చాలును. ఈ జవాబును తనంతట చెప్పగలిగిన విద్యార్థియే మీథేనును నేర్చినవాడు.