చలముగారి "బిడ్డల శిక్షణ": బొగ్గుగని యింట చదివినపుడు

ఐదేండ్లు లాలించి, పిదప పదేండ్లు దండింపుమను నీతిశ్లోకమును బాల్యమున కంఠస్థము చేసినవాడను; బడిలో చాలకాలము దానినే నమ్మినవాడను. ఆ నమ్మకమును విడిపించినది గుడిపాటి వెంకటచలముగారి "బిడ్డల శిక్షణ". పిల్లల భయమునకు పెద్దల యధికారమే మూలమని యాయన నిర్మొగమాటముగ వ్రాసిరి. బడుల తనిఖీయుద్యోగము చేసినవారి మాట గనుక ఉపాధ్యాయులకు మఱింత సూటిగా తగులును.

ఆ గ్రంథమునే శ్రీరాంపూర్‌లో, సింగరేణి కార్మికుల యిండ్లనడుమ మరల చదివితిని. ఇచటివారు బాయి యనెడి గని మూడు షిఫ్టులు నడచును. రాత్రి షిఫ్టునుండి వచ్చిన తండ్రి పగలు నిద్రింపవలెను. నిద్రచాలనివాడు మరల భూగర్భమున దిగుట ప్రాణాపాయము. చిన్నయింటిలో మూడేండ్లవాడు గిన్నె మ్రోగించుచుండును. "సప్పుడు జేయకు బిడ్డా, నాయిన పండుకున్నడు" అని తల్లి రెండుమార్లు బుజ్జగించి, మూడవమారు చేయెత్తును. దీనిని అధికారమందుమా? ఇందు ముందుగా భయపడినది తల్లియే.

కొట్టరాదను మాటను నేను త్రోసివేయుటలేదు. పరీక్షపత్రములు దిద్దుకొనుచు నా పిల్లలను గదమాయించిన నాకు ఆమెకున్న కారణమైన లేదు. కాని చలముగారు మనస్సును దిద్దబూనిరి. ఈమెకు కావలసినది మఱియొక గది, లేదా పిల్లవానిని నాలుగుగంటలు ఆడించు చోటు.

మొన్న నొకతల్లి గిన్నె తీసికొని, పాతగుడ్డల మూటయు గరిటెయు వానిచేతి కిచ్చినది. వాడు గంటసేపు కొట్టెను. తండ్రి కదలలేదు.