అలుగు చూసుకున్నాకే టర్బో

పాత మారుతి 800కి టర్బో కట్టాలని వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ‘ఎంత బూస్ట్ పెట్టొచ్చు?’ నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: ‘దాన్ని ఆపేది ఏది?’ దీనికి జవాబు దొరికేదాకా రెంచీ ముట్టుకోవద్దంటాను.

ఆ ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. 1986లో మన రోడ్ల మీదికి వచ్చిన కొత్త రూపం 800, జపాన్‌లో ఆల్టో. అదే బాడీలో సుజుకీ 1987లో అక్కడ ‘ఆల్టో వర్క్స్’ తెచ్చింది. ఇంజిన్ 543 సీసీ, శక్తి 64 హార్స్‌పవర్. మన 800 ఇంజిన్ అంతకంటే పెద్దది, 796 సీసీ. కార్బురేటర్ రోజుల్లో అది ఇచ్చింది 40 హార్స్‌పవర్ లోపే. తనకంటే చిన్నదైన తమ్ముడు అంత బరువు మోస్తుంటే చూసినవాడికి చేతులు ఊరుకుంటాయా? కానీ వర్క్స్‌కి హెడ్డు వేరు, ఇంధనం చిమ్మే పద్ధతి వేరు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పుట్టుకతోనే ఉంది. దాన్ని టర్బో కోసమే కట్టారు. మనం మాత్రం టర్బో ఊసే తెలియని ఇంజిన్‌కి దాన్ని అలవాటు చేయాలి.

నా షెడ్డులో ఉన్న 800కి పెట్టింది 1.3 లీటర్ డీజిల్ స్విఫ్ట్ టర్బో. సైజు చిన్నది కాబట్టి చిన్న ఇంజిన్‌తో కూడా తొందరగా తిరగడం మొదలుపెడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ టర్బోలు విప్పి కట్టే ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఇచ్చేముందు ఆయన షాఫ్టుని రెండు వేళ్లతో పట్టుకుని ఊపి చూపించాడు. “అటూ ఇటూ కొద్దిగా ఊగుద్ది బాబూ, ఆయిల్ ఎక్కితే సర్దుకుంటది. ముందుకీ వెనక్కీ మాత్రం కదలకూడదు.” పెట్రోలు బండికి అని చెప్పగానే ఆయన మొహం మారింది. “లారీకి గాలి ఎక్కువైతే పొగ తగ్గుద్ది. పెట్రోలుకి గాలి ఎక్కువైతే పిస్టన్ పోద్ది. ముందు స్ప్రింగు మార్చు.”

ఈ విద్యలో సగం ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. డీజిల్ ఇంజిన్‌లో శక్తిని తేల్చేది ఎంత డీజిల్ చిమ్మాం అన్నది. గాలి అదనంగా ఉంటే మంట ఇంకా శుభ్రంగా, చల్లగా మండుతుంది. పెట్రోలులో గాలికీ ఇంధనానికీ లెక్క కుదరాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, సిలిండర్‌లో వేడి పెరుగుతుంది. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట అంచులకు చేరేలోపే ఆ మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. 68.5 మిల్లీమీటర్ల బోరున్న ఈ ఇంజిన్‌లో అది 8 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో మోగుతుంది. రోడ్డు రొదలో చెవికి అందకపోయినా పిస్టన్ అంచుని కొరుకుతూనే ఉంటుంది.

ఇక స్ప్రింగు సంగతి. ఊరి చెరువుకి అలుగు ఎలాగో టర్బోకి వేస్ట్‌గేట్ అలాగ. చెరువు నిండితే అలుగు మీదుగా నీళ్లు వాటంతట అవే పోతాయి, ఎవరూ వెళ్లి తెరవక్కర్లేదు. టర్బో నుంచి వచ్చే గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, సన్నటి రబ్బరు గొట్టం గుండా యాక్చువేటర్ డబ్బాలోకి పోతుంది. అక్కడి పొర మీద పడి స్ప్రింగుని నొక్కుతుంది. స్ప్రింగు లొంగగానే కడ్డీ కదిలి, టర్బైన్ పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. మిగులు ఎగ్జాస్ట్ చక్రాన్ని తిప్పకుండా నేరుగా సైలెన్సర్ దారి పడుతుంది.

అలుగు ఎత్తుని నిర్ణయించేది ఆ స్ప్రింగే. చేత్తో తిప్పే వాల్వు పెట్టినా, కంప్యూటర్ నడిపే సోలెనాయిడ్ పెట్టినా, అవి యాక్చువేటర్‌కి చేరే ఒత్తిడిని తగ్గించి బూస్ట్‌ని స్ప్రింగు కంటే పైకి తీసుకెళ్లగలవు. స్ప్రింగు కంటే కిందికి దించడం వాటి వల్ల కాదు. డీజిల్ కోసం బిగించిన గట్టి స్ప్రింగు ఉంచేసి ‘కంట్రోలర్‌తో తగ్గించుకుంటాను’ అనేవాళ్లు ఈ ముక్క మళ్లీ చదవండి. నేను 0.4 బార్ స్ప్రింగు వేశాను. బండికి ఎక్కించే ముందు గేజి ఉన్న సైకిలు పంపుతో యాక్చువేటర్‌లోకి గాలి కొట్టి, కడ్డీ ఏ ఒత్తిడి దగ్గర కదులుతోందో కళ్లారా చూస్తాను. ఆ అంకె నమ్మాకే మిగతా పని.

రబ్బరు గొట్టం ఊడితే అలుగు మూసుకుపోయినట్టే, బూస్ట్‌కి అడ్డుండదు. అందుకే రెండు చివర్లా క్లిప్పులు, వేడికి దూరంగా దారి. ఒత్తిడి హద్దు దాటితే పెట్రోలు ఆపేసే ఏర్పాటు ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూలో వేరే. కంపెనీ ఈసీయూని దీనికి నమ్ముకోలేం. టర్బో లేని కారు ఒత్తిడి సెన్సర్ మామూలు వాతావరణ పీడనం దాకే కొలుస్తుంది, ఆపైన ఏం జరుగుతోందో దానికి కనపడదు. ఇంకో చిక్కుంది. తలుపు పూర్తిగా తెరిచినా పై ఆర్‌పీఎంలో బూస్ట్ మెల్లగా ఎగబాకుతుంటే, అలుగు ఇరుకన్నమాట. అప్పుడు ఎలక్ట్రానిక్స్ ఎంత మార్చినా లాభం లేదు. టర్బైన్ ఒళ్లు విప్పి ఆ రంధ్రాన్ని గ్రైండర్‌తో పెద్దది చేయాల్సిందే.

అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. 10.25 కంప్రెషన్ ఉన్న 3.5 లీటర్ వీ8కి టర్బో కట్టి, నాకింగ్ రాకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని చిమ్మారు. సీసా ఖాళీ అయితే బూస్ట్ తగ్గేలా వాల్వు కూడా పెట్టారు. ఇంజినీర్లు బుర్ర పెట్టి చేసిన పనే. కానీ సీసా నింపడం యజమాని జ్ఞాపకశక్తికి వదిలేశారు. జనం నింపలేదు, చాలా కార్లకు టర్బో ఊడబీకించేశారు. స్వీడన్‌లో సాబ్ వాళ్లు 1980ల మొదట్లో ఇంకో దారి పట్టారు. ఇంజిన్ బ్లాకుకి నాకింగ్ వినే సెన్సర్ బిగించి, అది వినపడగానే బూస్ట్ తగ్గించే సోలెనాయిడ్ పెట్టారు. ఏ బంకులో ఏ పెట్రోలు పోసినా ఇంజిన్ తన హద్దు తనే తెలుసుకునేది. టర్బో చరిత్రలో నాకు అన్నిటికంటే గౌరవమున్న పని అది. నా 800లోనూ నాకింగ్ వినే సెన్సర్ ఉంది.

మన ఎండల్లో ఇది మరీ అవసరం. మే నెలలో 40 డిగ్రీల గాలిని 0.4 బార్‌కి నొక్కేసరికి 90 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలి ఇంజిన్‌లోకి పోతే ఇగ్నిషన్ టైమింగ్ ఎంత వెనక్కి లాగినా చాలదు. పెట్రోలూ మారింది. 20 శాతం ఇథనాల్ కలిశాక గాలికీ పెట్రోలుకీ పాత పుస్తకాల్లోని 14.7కి ఒకటి లెక్క చెల్లదు, 13.5 దగ్గరికి దిగింది. పాత మ్యాప్ మీద నడిపితే మిశ్రమం పలచన. నాకింగ్‌ని తట్టుకోవడంలో ఇథనాల్ మేలే చేస్తుంది, కాకపోతే ఆ లెక్క చూపే లాంబ్డా మీటరు చూస్తూ పెట్రోలు పెంచినవాళ్లకే ఆ మేలు దక్కుతుంది. బూస్ట్‌లో నేను లాంబ్డాని 0.8 దగ్గర ఉంచుతాను.

ఆయిల్ గురించి ఒక్క మాట. టర్బోకి ఎక్కే గొట్టం సన్నగా ఉండొచ్చు. దిగేది లావుగా, వంపుల్లేకుండా, సంపులోని ఆయిల్ మట్టానికి పైన కలవాలి. నురగతో దిగే ఆయిల్‌ని లాగేది భూమ్యాకర్షణ ఒక్కటే.

ఈ కారు రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి తెలియకుండా ఎవరూ ఈ పనికి దిగకండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఇది ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి వెళ్లి, ట్రైలర్ మీదే వస్తుంది.

వచ్చాక లాప్‌టాప్‌లో నాలుగు గీతలు చూస్తాను: బూస్ట్, లాంబ్డా, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి, నాకింగ్. బూస్ట్‌ని 0.6కి పెంచుదామని షెడ్డు కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో మూడో గేరు నుంచి చివరి గేరు దాకా ఆ నాలుగూ నిలకడగా ఉన్న రోజున స్ప్రింగు మారుస్తానని మాటిచ్చాను. ప్రస్తుతానికి గాలి వేడి గీత ఇంకా ఎక్కుతూనే ఉంది. కాబట్టి ముందు ఇంటర్‌కూలర్‌కి గాలి సరిగ్గా తగిలేలా బంపరు కోయాలి.