వీణ మీద పాట: గోదావరి వైణికుల గాయక బాణి

కర్ణాటక సంగీతంలో వీణ మీద వినిపించే కృతుల్లో చాలా భాగం గొంతు కోసం పుట్టినవి. వాగ్గేయకారుడు పాడి కట్టాడు, శిష్యులు పాడి నేర్చుకున్నారు, తరాల తరబడి పాటలుగానే అవి నడిచివచ్చాయి. పాటకచేరీలో కృతి చుట్టూ ఒక చిన్న మేళమే ఉంటుంది. గాత్రం, దాన్ని అంటిపెట్టుకుని నడిచే వయొలిన్, తాళాన్ని మోసే మృదంగం, శ్రుతిని విడవని తంబూరా. వైణికుడు ఒంటరిగా వీణ ముందు కూర్చున్నాడంటే ఈ పనులన్నీ అతని రెండు చేతుల మీద పడతాయి. పాటను పాటలాగే తీగ మీద పలికించే పద్ధతికి గాయక బాణి అని పేరు. ఈ విద్య పిఠాపురం, ద్రాక్షారామం, కాకినాడల మధ్య ఇరవయ్యో శతాబ్దంలో గొప్పగా పండింది.

పెద్ద మేళం కోసం రాసిన సంగీతాన్ని ఒక్క వాద్యం మీదికి తేవడం ఐరోపాలోనూ ఘనమైన విద్యే. ఫ్రాంజ్ లిస్ట్ 1833లో బెర్లియోజ్ రచించిన 'సింఫనీ ఫాంటాస్టిక్'ను ఒక్క పియానోకు సరిపడేలా మలిచాడు. ఆ దశాబ్దంలోనే బేథోవెన్ సింఫనీలకు పూనుకుని, తొమ్మిదింటినీ ముగించి 1865లో అచ్చులోకి తెచ్చాడు. రికార్డులూ రేడియో లేని కాలమది. ఆర్కెస్ట్రా లేని ఊళ్లో బేథోవెన్‌ను వినాలంటే పియానో ఒక్కటే దిక్కు. వయొలిన్ల వరుస ఒక స్వరాన్ని ఎంతసేపైనా నిలపగలదు, నిలుపుతూనే పెంచగలదు. పియానో తీగకు దెబ్బ తగిలిన మరుక్షణం నుంచే ధ్వని తరగడం మొదలవుతుంది. ఆ లోటు తెలియకుండా ఉండటానికి లిస్ట్ స్వరాలను వేగంగా అదిరిస్తూ వాయించే పద్ధతిని వాడాడు, పెడల్ తొక్కి మోతను నిలిపాడు, దూరదూరంగా ఉన్న మెట్ల మీదికి చేతులను దూకించాడు. స్వరపత్రంలో ఏ చోట ఏ వాద్యం పలుకుతోందో దాని పేరు కూడా రాశాడు, వాయించేవారు ఆ వాద్యం గొంతును మనసులో పెట్టుకుని వాయించాలని. తొమ్మిదో సింఫనీ చివర బృందగానం వచ్చి కలిసే చోట ఇది పియానోకు లొంగదని ప్రచురణకర్తలకు చెప్పి, ఆ తర్వాత మళ్లీ పట్టుబట్టి పూర్తిచేశాడు. గ్లెన్ గూల్డ్ 1960లలో ఐదో సింఫనీని, సిప్రియెన్ కట్సారిస్ 1980లలో మొత్తం తొమ్మిదింటినీ ఈ రూపంలో రికార్డు చేశారు.

వీణకున్న చిక్కూ ఇదే. గొంతు నిలుస్తుంది, మీటిన తీగ కాసేపటికి మూగబోతుంది. అయితే పియానోకు లేని వరం ఒకటి వీణకుంది. మీటేసిన తర్వాత కూడా స్వరం వైణికుడి చేతిలోనే ఉంటుంది. దాన్ని కదిలించవచ్చు, ఊపవచ్చు, పై స్వరానికి లాక్కెళ్లి మళ్లీ దించవచ్చు. గాయక బాణి అంతా ఈ ఒక్క సౌకర్యం మీద నిలబడి ఉంది.

సరస్వతీ వీణకు ఏడు తీగలు. మెట్ల మీదుగా సాగేవి నాలుగు. సారణి మధ్య షడ్జానికి, మిగిలిన మూడూ ఒకదాని కింద ఒకటిగా పంచమ, షడ్జ, పంచమాలకు పలుకుతాయి. పక్కన ఉండే మూడు తాళపు తీగలు షడ్జ పంచమాలతో పాటు తారషడ్జానికి శ్రుతై ఉంటాయి. దండి మీద స్థాయికి పన్నెండు చొప్పున 24 మెట్లు మైనంలో కుదురుగా అమర్చి ఉంటాయి. ఈ అమరిక పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని ప్రతీతి. అట్టడుగు పంచమం నుంచి సారణి చివరి మెట్టు దాకా లెక్కిస్తే వీణ విస్తృతి దాదాపు మూడున్నర స్థాయిలు. మామూలు గొంతుకు ఇంత అందదు. వీణను పనస కర్రతో చేస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగను తొలిచి చేసే వీణలకు దేశమంతటా పేరుంది. నూజివీడులోనూ వీణల తయారీ ఉంది.

పాట వీణలోకి దిగేటప్పుడు మొదట పోయేది మాట. త్యాగరాజు రాముణ్ణి నిలదీసినా బతిమాలినా ఆ అక్షరాలు తీగ మీద పలకవు. వైణికుడు ఆ లోటును మీటుతో తీర్చుకుంటాడు. సాహిత్యంలో అక్షరం మొదలయ్యే చోట మీటు పడాలి. ఆ అక్షరం మీద అచ్చు సాగుతున్నంతసేపూ మీటు పడకూడదు, ఎడమచేయి ఒక్కటే నడవాలి. 'రామ' అన్న చోట రెండు మీట్లు. 'రా' ఎంత సాగినా, ఆ సాగదీతలో ఎన్ని స్వరాలు దొర్లినా మూడో మీటు తగలడానికి వీల్లేదు. తగిలిందంటే మాట విరుగుతుంది. కృతి తెలిసిన శ్రోత ఈ మీట్ల వరుసను బట్టే లోలోపల సాహిత్యాన్ని పాడుకుంటాడు. మంచి గురువులు శిష్యుడి చేత కృతిని ముందు పాడించి, ఆ తర్వాతే వీణ మీదికి ఎక్కించడానికి కారణం ఇదే. స్వరాలు మాత్రమే నేర్చి వాయించినవారి చేతిలో రాగం తప్పకపోవచ్చు కానీ కృతి కనపడదు.

అప్పటికప్పుడు కల్పించి నడిపే మనోధర్మంలో ఈ మీటు మరో పని చేస్తుంది. గాయకుడు నెరవులో ఒక సాహిత్య పాదాన్ని పట్టుకుని విస్తరిస్తాడు, స్వరకల్పనలో సరిగమలనే పలుకుతాడు. పాటలో ఈ రెండూ వేర్వేరని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. వీణ మీద మాటా లేదు, సరిగమల పేర్లూ లేవు. నెరవులో పాదంలోని అక్షరాలకు మాత్రమే మీటు వేసి, స్వరకల్పనలో స్వరస్వరానికీ మీటు వేస్తే ఆ తేడా చెవికి తెలుస్తుంది. కుడిచేతి చూపుడు, మధ్యవేళ్లు చేసే పని ఇంత సున్నితమైనది.

ఇక ఎడమచేతి సంగతి. గాంధారం మెట్టు మీద వేలుంచి మీటి, తీగను అక్కడే పక్కకు లాగితే మధ్యమం పలుకుతుంది. ఇంకొంచెం లాగితే పంచమం. వేలు బలంగా, చెవి చురుగ్గా ఉన్న వైణికుడు ఒక్క మీటులో మూడు నాలుగు స్వరాలు ఇలా తీసి, తిరిగి మొదటి స్వరానికి దిగగలడు. లాగుడు వెంట్రుకవాసి తక్కువైనా స్వరం అపశ్రుతి పోతుంది. దారి చూపడానికి అక్కడ మెట్టేమీ ఉండదు, చెవే దిక్కు. తోడిలో గాంధారం ఒక మెట్టుకు కట్టుబడి ఉండే స్వరం కాదు. కింది నుంచి లాగుతూ ఊపుతూ పలికిస్తేనే అది తోడి అవుతుంది. దీనికి తోడు దండి పొడవునా వేలిని జార్చే జారు, పక్క మెట్టు మీద వేలు తట్టి మీటు లేకుండానే స్వరాన్ని పుట్టించే స్ఫురితం ఉన్నాయి. మోత తగ్గేకొద్దీ లాగుడు బలం కొలత కూడా మారాలి. గొంతులో ఊపిరి అయిపోతుంటే గాయకుడు పదాన్ని ఎలా సర్దుకుంటాడో, తీగలో మోత అయిపోతుంటే వైణికుడు సంగతిని అలా సర్దుకుంటాడు. వయొలిన్‌కు ఈ బాధ లేదు. కమాను నడిచినంతసేపు నాదం నిలుస్తుంది. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడు ఆ వాద్యాన్ని పక్కవాద్యం స్థానం నుంచి తెచ్చి ఏకవాద్య కచేరీ చేయగలిగారంటే ఆయన ప్రతిభతో పాటు కమాను ఇచ్చిన ఈ బలం కూడా తోడ్పడింది.

తంబూరా, మృదంగం వదిలేసిన జాగాను తాళపు తీగలు నింపుతాయి. పాట నడుస్తుండగానే చిటికెన వేలు తాళం దెబ్బ పడే చోట వాటిని కదిలిస్తుంది. ఒకే దెబ్బతో శ్రుతీ నిలుస్తుంది, తాళమూ తెలుస్తుంది. ఇది వినడానికి తేలికగా ఉంటుంది కానీ చూపుడు, మధ్యవేళ్లు ఒక లెక్కలో, చిటికెన వేలు మరో లెక్కలో పోతుంటే ఏదీ తడబడకుండా ఉండటానికి ఏళ్ల సాధన కావాలి. రాగాన్ని లయతో విస్తరించే తానం వాయించేటప్పుడు వీణ బలం పూర్తిగా బయటపడుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలను వరుసగా తానంలో నడిపించే ఘనరాగ పంచక సంప్రదాయం వీణకు సొంతమని చెప్పవచ్చు. మంద్రం తీగ మీద తానం సాగుతుంటే పక్కన తాళపు తీగలు మోగుతూ ఒక్క మనిషి వాయిస్తున్నాడని నమ్మబుద్ధి కాదు. గొంతును అనుకరిస్తూ వచ్చిన వాద్యం ఇక్కడ గొంతుకు అందని చోటికి వెళ్తుంది.

గోదావరి డెల్టాలో ఈ విద్యకు నీడనిచ్చింది పిఠాపురం సంస్థానం. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైన మహారాజా సూర్యారావు బహద్దూర్ కొలువులో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ఆస్థాన వైణికుడు. పిఠాపురంలో ఆయన వీణ విన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ను శాంతినికేతన్‌కు ఆహ్వానించారు. తెలుగు సాహిత్యం తెలియని బెంగాలీ కవిని ఒక తెలుగు వైణికుడు కట్టిపడేశాడంటే మాట పోయిన చోట కూడా కృతికి పట్టు మిగులుతుందని తెలుస్తోంది.

ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గాయక బాణిని దేశమంతటికీ వినిపించారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి వైణికుడే. శంకరశాస్త్రి మద్రాసులో జెమినీ స్టూడియోలో, తర్వాత ఆకాశవాణిలో పనిచేశారు. ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి దర్శకత్వం వహించారు. ఎన్నో వాద్యాలను ఒకచోట కూర్చి నడిపిన అనుభవం ఒక్క వీణ ముందు కూర్చున్నప్పుడు ఆయనకు అక్కరకు వచ్చే ఉంటుంది. ఆయన వాదనలో మీట్లు తక్కువ, నాదం ఎక్కువ. ఒక మీటు మోత అణగకముందే తర్వాతి పదం అందులోంచే మొలుస్తుంది. ఉత్తరాది విద్వాంసులతో కలిసి జుగల్బందీలు వాయించి, వీణను హిందూస్తానీ శ్రోతలకు దగ్గర చేశారు. 1987లో కన్నుమూశారు.

ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టి, బాల్యంలోనే కచేరీలు మొదలుపెట్టారు. యౌవనంలో మద్రాసు సినిమా వాద్యబృందాల్లో వీణ వాయించారు. వీణ విద్వాంసుడి కథతో 1964లో వచ్చిన తమిళ చిత్రం 'కలైకోవిల్'లో వినిపించే వీణ ఆయనదే. గురువుగారి గాయక బాణిని పట్టుకుంటూనే, మీటు బలాన్ని క్షణక్షణానికీ మార్చి తీగకు వేర్వేరు గొంతులు పుట్టించడం ఆయన ప్రత్యేకత. సాహిత్యం లేకుండా వీణ కోసమే కొన్ని రచనలు కూడా చేశారు. వాటిలో 'కొమ్మలో కోయిల' జనం నోళ్లలో నిలిచింది. కోయిల కూత కిందనుంచి పైకి ఎగసే స్వరం. దాన్ని పట్టడానికి మెట్ల మధ్య లాగుడుకు మించిన సాధనం లేదు. పాటను వీణలోకి తేవడానికి పుట్టిన పద్ధతే ఇక్కడ పిట్ట గొంతును తెచ్చిపెట్టింది. సంగీతం తెలియనివాళ్లు కూడా వీణ పేరు చెప్పగానే చిట్టిబాబు పేరు చెప్పడానికి ఇలాంటి రచనలు చాలావరకు కారణం. 1996లో ఆయన మరణించారు.

వీణ నాదం చిన్నది. శివరాత్రికి పట్టిసీమలో పడవల మీద గోదావరి దాటి, ఏటి నడుమ వీరేశ్వరస్వామి గుట్టకు చేరే జనసందోహంలో వీణ వినపడదు. అలాంటి చోట సన్నాయి, డోలు కావాలి. అందుకే వీణ చాలాకాలం దివాణాల్లో, ఇళ్లలో, పూజగదుల్లో ఉండిపోయింది. లాగిన స్వరం చివర మిగిలే సన్నని మోత పదడుగుల దూరం దాటితే చెవికి అందదు, గాయక బాణి సొగసంతా అక్కడే ఉంది. ఈ చిక్కు విప్పింది మైకు. మద్రాసులో 1938లో, విజయవాడలో 1948లో ఆకాశవాణి కేంద్రాలు వచ్చాక ఆ మోత ఇంటింటికీ చేరింది. తర్వాత వీణకే తగిలించే కాంటాక్ట్ మైకు వచ్చింది. దానితో పెద్ద సభల్లో వీణ వినపడసాగింది కానీ కొన్నిసార్లు పనస కర్ర పలికే మెత్తదనం పోయి తీగ గోల ఒక్కటే మిగిలింది. ఆ పరికరాన్ని వాడటంలోనూ నేర్పు ఉండాలి.

ఏ కృతి వీణకు బాగా ఒదుగుతుందన్నది ఆలోచించదగ్గ సంగతి. ముత్తుస్వామి దీక్షితులు స్వయంగా వైణికులు. చౌకకాలంలో నడిచే ఆయన సంస్కృత కృతుల్లో దీర్ఘాలు ఎక్కువ, గమకం బరువు ఎక్కువ. ఒక మీటు వేసి ఎడమచేతికి పని అప్పజెప్పడానికి వాటికి మించినవి లేవు. త్యాగరాజ కృతుల దారి వేరు. పల్లవిలో ఒకే పాదాన్ని కొత్తకొత్తగా తిప్పే సంగతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. పాటలో మాట అదే ఉండి స్వరం మారుతుంటే ఆ మాటకు కొత్త అర్థం తోస్తుంది. వీణ మీద ఆ అర్థం వినపడదు, సంగతుల నడక మాత్రం పాటలో కంటే తేటగా తెలుస్తుంది. ఒక సంగతి నుంచి మరొకటి ఎలా పెరిగిందో చూడాలనుకునే విద్యార్థికి వీణ వాదన మంచి పాఠం. వేగంగా సాగే తెలుగు సాహిత్యానికి అక్షరాల వెంట మీట్లూ దగ్గరదగ్గరగా పడాలి. ఆంధ్ర వైణికుల కుడిచేతి చురుకుదనం అక్కడ బాగా పనికొస్తుంది. తంజావూరు, మైసూరు బాణులతో పోల్చి ఆంధ్ర బాణిని చర్చించేటప్పుడు చాలామంది ఆ వేగాన్నే ముందు చెబుతారు. శంకరశాస్త్రి వాదన విన్నవారు మాత్రం ఈ బాణిలో నిదానానికీ అంతే స్థానం ఉందని ఒప్పుకుంటారు.

సాహిత్యమే ప్రాణమైన కృతిని వాద్యం మీద వాయిస్తే భావం సగం పోతుందన్న ఆక్షేపణ పాతదే, దాన్ని కొట్టిపారేయలేం. పదాలు, జావళీల వంటి అభినయ ప్రధానమైన రచనల్లో అది చాలావరకు నిజం. కృతుల విషయంలో మాత్రం శ్రోతను బట్టి ఫలితం మారుతుంది. పాట వచ్చినవారికి వీణ ఆ పాటను గుర్తుచేస్తూనే దాని స్వరనిర్మాణాన్ని విప్పి చూపుతుంది. పాట రానివారికి రాగస్వరూపం అందుతుంది. ఒకే కృతిని ముందు మంచి గాయకుడి గొంతులో విని, వెంటనే శంకరశాస్త్రి లేదా చిట్టిబాబు రికార్డులో వింటే మీటు ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది, ఊపిరి తీసుకునే చోట తీగ ఏం చేసిందన్నవి విడివిడిగా తెలుస్తాయి. వీణ నేర్చుకునే పిల్లలకు స్వరపుస్తకంలో ఇవేవీ దొరకవు. లాగుడు కొలత, మోత తరిగే వేళ, చిటికెన వేలి బరువు కాగితం మీద రాసే వీలు లేనివి. గురువు ఎదుట కూర్చుని, ఇలాంటి రికార్డులు పదేపదే విని పట్టుకోవాల్సినవి.