బాలకథా రచనకు కార్టూన్ పాత్రల ప్రేరణ: ‘బుడుగు’ ఆధారంగా ఒక పరిశీలన

1. ప్రవేశిక

పిల్లల కథల్లో కార్టూన్ పాత్రల ఛాయ కనిపిస్తే దానిని అనుకరణగా తోసిపుచ్చడం తేలిక. అయితే వెర్రిబాగుల పాత్ర నుంచి కథకులు ఏమి గ్రహించవచ్చు, ఏమి గ్రహించరాదు అన్న విచక్షణ లేకుండా ఆ తీర్పు చెల్లదు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఈ విచక్షణకు తగిన ఆధారం.

2. బొమ్మ - మాట

అమెరికాలో హాంక్ కెచమ్ ‘డెనిస్ ద మెనేస్’ను 1951లో ప్రారంభించాడు. ‘బుడుగు’ 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బాపు బొమ్మలతో ధారావాహికగా వెలువడింది. ఇద్దరూ అల్లరి పిల్లలే కనుక పోలిక సహజం. భేదం నిర్మాణంలో ఉంది. డెనిస్ ప్రధానంగా ఒకే చట్రంలో ఇమిడిన బొమ్మ, దాని కింద ఒక మాట. నవ్వు అక్కడే పూర్తవుతుంది. బుడుగు తన కథను తానే చెబుతాడు. తాను పెద్దవాడినన్నది అతని గట్టి నమ్మకం. పెద్దల లోకాన్నంతా దానితోనే కొలుస్తాడు. ఆ నమ్మకం ఎక్కడా సడలదు కనుక వెర్రితనానికీ ఒక తర్కం ఏర్పడింది.

‘సీగానపెసూనాంబ’ అన్న పేరు చూడండి. జ్ఞానప్రసూనాంబ పసినోట అలా మారింది. ఆ ఒక్క పేరులోనే పిల్లల చెవి, నాలుక రెండూ తెలుస్తాయి. బొమ్మ రూపాన్నిస్తే, కథకు ప్రాణం పోసినది ఈ మాట.

3. స్థానికత

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008లో టీవీకి వచ్చింది. లడ్డూ తింటే బలం రావడం ఆ పాత్ర గుర్తు. ఆ గుర్తునే ఎత్తి రాస్తే కథ పోట్లాటల వరుసగా మిగులుతుంది. అలాగని బుడుగు భాషను ఎత్తి రాసినా ఫలితం లేదు. అది కోస్తా మధ్యతరగతి ఇంటి పలుకుబడి. రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేటలోని పిల్లలకు అదీ అరువు మాటే.

గ్రహించవలసినది సడలని వెర్రి నమ్మకాన్ని మాత్రమే. ఉదాహరణకు, మరమగ్గాల సిరిసిల్లలో చప్పుడు ఆగిన సాంచాకు ‘జరమచ్చింది’ అని నమ్మే పిల్లవాడిని ఊహించవచ్చు. వాడు దానికి చెద్దరు కప్పుతాడు, పెద్దలను మెల్లగా మాట్లాడమంటాడు. పని లేక సాంచా ఆగిందని తెలిసిన తండ్రి ఏమంటాడు? ఆ జవాబు దగ్గర నవ్వు కథగా మారుతుంది.

4. ముగింపు

ఈ కథను దిద్దే ఉపాధ్యాయుడు ‘జరమచ్చింది’ని ‘జ్వరం వచ్చింది’గా మార్చితే వ్యాకరణం నిలుస్తుంది, పాత్ర పోతుంది. కనుక బాలల రచనలను పరిశీలించేవారు పాత్ర ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నతో ఆగరాదు. అది ఎవరి నోటితో మాట్లాడుతున్నదో కూడా అడగాలి. టీవీ పాత్ర ప్రేరణగా నిలవడం, అనుకరణగా మిగలడం ఆ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలుతుంది.